అద్దాల చేపల తొట్టికి ఎటువంటి గద్దె కావాలి?

ఈ పూట నేను వరి నాట్ల గురించి గాని, ప్రత్తిలో పురుగు గురించి గాని మాట్లాడబోవడం లేదు. ఇంట్లో రంగు చేపలు పెంచుకునే అద్దాల తొట్టి ఉంటుంది కదా, దాని కింద పెట్టే బల్లను కొందరు స్టాండు అంటున్నారు, కొందరు గద్దె అంటున్నారు. అది ఏ సరుకుతో చేయించుకుంటే పది కాలాలు నిలుస్తుందన్నది నేటి విషయం. వ్యవసాయ శాఖ మనిషికి చేపల తొట్టితో పనేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, చేపలు మత్స్యశాఖ వారి పని. చేప ఏమి తింటుంది, దానికి ఏ జబ్బు చేస్తుంది అన్నవి వారినే అడిగి తెలుసుకోండి. కాని చెద, తడి, తుప్పు, బరువు, ఈ నాలుగూ ప్రతి రైతు ఇంటిలో ఉన్న బాధలే. అదీగాక ఈ విషయంలో నేను ఒకసారి తప్పు సలహా ఇచ్చాను. ఆ సంగతి దాచకుండా ముందే చెబుతాను.

2020లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మొదలుపెట్టినప్పుడు అందులో పెరటిలో రంగు చేపలు పెంచుకునే వారికి కూడా చోటు కల్పించింది. ఖర్చులో నూటికి 40 వంతులు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు తెగల వారికి 60 వంతులు సాయం అని అందులో పెట్టారు. ఆ మాట చెవిన పడిన తరువాత మా దామరచర్ల మండలంలో పొదుపు సంఘాల సోదరీమణులు కొందరు నన్ను అడగడం మొదలుపెట్టారు. ఒక చెల్లెలు పథకం దాకా ఆగలేదు. సంఘంలో అప్పు తీసుకుని, మిర్యాలగూడ వెళ్ళి, మూడడుగుల అద్దాల తొట్టి ఒకటి, గప్పీలు, మోలీలు కొన్ని తెచ్చుకున్నది. ఇవి గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లలనే పెడతాయి. కొత్తవారికి సులువైన చేపలు.

"సారూ, తొట్టి కింద ఏం పెట్టమంటరు?" అని ఆమె అడిగింది. ఖర్చు తగ్గుతుంది కదా అని నేను మామిడి పలకలతో బల్ల కొట్టించుకోమన్నాను. నాలుగు కాళ్ళు, పైన రెండు బద్దెలు, వాటి మీద పలక. నేనే దగ్గరుండి మేకులు కొట్టించాను కూడా. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉన్నది.

ఆ ఏడు భాద్రపదంలో ముసురు పట్టింది. ఒక రాత్రి బల్ల మూల ఒకటి దిగిపోయింది. తొట్టి పగిలి నీళ్ళన్నీ గది నిండా పారాయి. అద్దం ముక్కలు గడప దాకా వచ్చాయి. ఆమె కొడుకు ఐదేళ్ళవాడు, చేపలను చూసుకుంటూ ఆ బల్ల పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. ఆ రాత్రి వాడు అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు. అది నా తెలివి కాదు, వాడి అదృష్టం. తెల్లవారి నేను వెళ్ళేసరికి ఆమె చీపురుతో గాజు పెంకులు ఊడుస్తున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పు కిస్తులు మాత్రం ఆమే కట్టుకున్నది. సలహా ఇచ్చిన నాకు పైసా పోలేదు.

ఊరిలో పెద్ద వడ్రంగి ఒకాయన ఉన్నాడు. నాగళ్ళు, బండి చక్రాలు చేసిన చేయి. విరిగిన బల్లను తిరగేసి చూసి అన్నాడు: "సారూ, మామిడిది సగం తప్పే. తక్కిన సగం మేకుది. గీ బద్దె కాలు మీద కూసోలేదు, కాలు పక్కన మేకుకు వేలాడుతున్నది. కర్ర మీద కర్ర కూసోవాలె గని మేకు మీద కాదు." నేను డిప్లొమాలో చదువుకోని పాఠం ఆయన ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పాడు. మేకు తుప్పు పట్టింది, దాని చుట్టూ మామిడి కర్ర మెత్తబడింది, బరువు జారింది. జరిగినది ఇంతే.

ఇక బరువు మాట. నీళ్ళే కదా, ఎంత బరువుంటాయిలే అనుకుంటాము. ఒక లీటరు నీరు ఒక కిలో. మూడడుగుల తొట్టి అంటే సుమారు 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 45 ఎత్తు. ఈ మూడింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే 162 లీటర్లు, అంటే 162 కిలోలు. దీనికి 8 మిల్లీమీటర్ల అద్దం బరువు 30 కిలోలు కలపండి. అడుగున పరిచే గులకరాళ్ళు, పైమూత, దీపం కలపండి. తొట్టిని అంచు దాకా నింపకపోయినా ఇంచుమించు 200 కిలోలు అవుతుంది. కొనుగోలు కేంద్రానికి తోలే 40 కిలోల వడ్ల బస్తాలు ఐదు ఆ బల్ల మీద పెట్టినట్లు. బస్తాలను సాయంత్రానికి దించుతాము. తొట్టిని దించము, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. పైగా బస్తా ఒరిగితే పడుతుంది, అంతే. అద్దం ఒరగనక్కరలేదు, దాని కింద పలక కొంచెం వంగినా చాలు, అడుగు అద్దం బీట తీస్తుంది, లేదా అతుకుల దగ్గర సిలికోన్ బంక విడుతుంది. కనుక మనకు కావలసింది మోసే సరుకు మాత్రమే కాదు, మోస్తూ వంగని సరుకు, తడికి చెడని సరుకు.

మొదట కర్ర సంగతి చూద్దాం. కర్రలో చూడవలసింది పేరు కంటే చేవ. మానును అడ్డంగా కోస్తే నడుమ ముదురు రంగులో ఉండేది చేవ, చుట్టూ తెల్లగా ఉండేది లేత చెక్క. ఆ తెల్ల చెక్కలో పిండిపదార్థం ఉంటుంది, పుచ్చు పురుగుకు అదే భోజనం. టేకు అని పేరు పెట్టి తెల్ల చెక్క అంటగట్టే వ్యాపారులు ఉన్నారు. పేరుకు మోసపోకండి, కోత చూసుకోండి. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థ వారు రకరకాల కర్ర ముక్కలను నేలలో పాతి ఏది ఎన్నాళ్ళకు చెడుతుందో చూసి తరగతులు కట్టారు. 120 నెలలకు పైగా నిలిచినది మొదటి తరగతి, 60 నెలలు కూడా నిలవనిది మూడవ తరగతి. టేకు చేవ మొదటిదానిలో ఉన్నది. మామిడి మూడవదానిలో ఉన్నది. ఆ సంగతి నేను ముందే చదివి ఉంటే ఎంత బాగుండేది.

టేకు కొనలేని వారు నల్ల తుమ్మను వదులుకోవద్దు. మన పొలం గట్ల మీద పెరిగే చెట్టే. బండి చక్రాలకూ, నాగలికీ మన పెద్దలు దీనినే వాడారు. కాని పచ్చి తుమ్మ పనికిరాదు. దుంగలను కొన్ని నెలలు చెరువు బురదలో నానబెట్టి, తీసి నీడన ఆరబెట్టి, అప్పుడు కోసేవారు. ఇదేదో మూఢనమ్మకం అనుకోకండి. నీళ్ళలో నానినప్పుడు కర్రలోని పిండిపదార్థం కరిగిపోతుంది, పురుగుకు తిండి ఉండదు. వేప చేవ కూడా ఫరవాలేదు, అయితే బాగా ఆరకపోతే మెలి తిరుగుతుంది. జామాయిల్, సుబాబుల్ కర్రలు కాగితపు మిల్లుకు వెళ్ళడమే మేలు. పచ్చిగా కోసిన జామాయిల్ బద్దె ఆరేకొద్దీ పగుళ్ళిచ్చి సొరగు విడదీస్తుంది.

బద్దెను పడుకోబెట్టడం, నిలబెట్టడం అని రెండున్నాయి. రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న బద్దెను వెడల్పు కిందికి వచ్చేలా పడుకోబెడితే ఎంత వంగుతుందో, అదే బద్దెను అంచు మీద నిలబెడితే అందులో నాలుగో వంతే వంగుతుంది. కర్ర అదే, ఖర్చు అదే. మన ఇళ్ళలో దూలాన్ని ఎప్పుడూ నిలువుగా వేస్తాము కదా, ఇదీ అంతే. బద్దె కాలి తల మీద కూర్చోవాలి. కాళ్ళ నడుమ ఏటవాలుగా ఒక బద్దె కొట్టించాలి, లేకపోతే బరువుకు కాకపోయినా పిల్లలు తగిలినప్పుడు పక్కకు ఊగుతుంది. ఎక్కువ బల్లలు కుంగి పడవు, పక్కకు ఊగి పడతాయి.

కాళ్ళను నేల మీద నేరుగా పెట్టవద్దు. చెద నేలలోనుంచే మట్టి సొరంగం కట్టుకుని పైకి వస్తుంది. ఒక్కొక్క కాలి కింద రెండంగుళాల రాతి ముక్క పెడితే కాలికి తడి తగలదు, చెద దారి కట్టినా పైకి కనబడుతుంది, మీరు గీకివేయవచ్చు.

మందు పూసిన కర్ర అమ్ముతున్నారు కదా అని అడుగుతారు. 1933లో డెహ్రాడూన్ సంస్థలోనే సొంటి కామేశం అనే శాస్త్రజ్ఞుడు రాగి, క్రోమియం, పాషాణం కలిపి కర్రకు పట్టించే మందు కనిపెట్టాడు. టెలిఫోను స్తంభాలు, రైలు పట్టాల కింది చెక్కలు దాని వల్ల ప్రపంచమంతటా ఏళ్ళకేళ్ళు నిలిచాయి. మన కామేశం గారి గొప్పతనం అది. అయినా పాషాణం పాషాణమే. అమెరికాలో 2003 సంవత్సరాంతం నుంచి ఇళ్ళ వాడకపు కర్రకు ఆ మందు చాలావరకు మానివేశారు. కంచె గుంజకు మంచిదే. చేపల తొట్టి కిందికి, పిల్లలు చేయి వేసే బల్లకు వద్దు.

ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉన్నది. చెద కనబడగానే మన చేయి అటక మీది పురుగు మందు డబ్బా మీదికి పోతుంది. క్లోరిపైరిఫాస్ గాని, సైపర్‌మెత్రిన్ గాని ఆ గదిలో చల్లారా, చెద సంగతి ఏమో గాని చేపలు తెల్లవారేసరికి తేలుతాయి. ఈ మందులు చేపలకు మహా విషం. నీటిలో చుక్క పడనక్కరలేదు, తుంపర గాలిలో వచ్చి వాలినా చాలు. గాలి బుడగల మోటారు గదిలోని గాలినే నీటిలోకి తోస్తుంది కదా! చేయి కడుక్కోకుండా మేత వేసినా అంతే. పొలంలో మందు కొట్టి వచ్చిన రోజు తొట్టి పని ఇంట్లో మరొకరికి అప్పగించండి. కాలిన ఇంజను నూనె బల్ల కాళ్ళకు పూయడం కూడా మానుకోండి.

దుకాణంలో దొరికే నొక్కుడు పొట్టు పలక, అంటే రంపపు పొట్టును బంకతో అదిమి చేసినది, దీనికి అసలు పనికిరాదు. నీరు తగిలితే అటుకుల్లా ఉబ్బుతుంది. ప్లైవుడ్ వాడదలచితే ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్నది అడగండి, అది నీటికి ఓర్చే రకం. కోసిన అంచులకు రంగు పట్టించడం మరచిపోవద్దు, నీరు అంచులోనుంచే లోపలికి పోతుంది.

ఇనుము మాటకు వస్తే, అద్దె ఇంట్లో ఉన్నవారికి, ఊరు మారే ఉద్యోగులకు ఇనుప యాంగిలే మంచిది. 40 మిల్లీమీటర్ల యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందం, ఒక్క తొట్టికి దండిగా సరిపోతుంది. చతురస్రపు గొట్టం వాడితే కొసలు మూయించండి, లేకపోతే తేమ లోపల చేరి పైకి రంగు మెరుస్తుండగానే లోపలినుంచి తుప్పు తింటుంది. తుప్పు ముందు పట్టేది రెండు చోట్ల: వెల్డింగు అతుకుల దగ్గర, నేల కడిగిన నీళ్ళు నిలిచే కాలి అడుగున. కనుక వెల్డింగు మీది పొక్కు గీకించి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, ఆపైన ఎనామిల్ రంగు వేయించండి. జింకు పూత ఉన్న ఇనుము తెచ్చినా వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది, అక్కడ మళ్ళీ జింకు రంగు పూయవలె. చేపలకు జబ్బు చేసినప్పుడు కొందరు నీటిలో ఉప్పు వేస్తారు. ఆ ఉప్పునీరు ఇనుము మీద కారితే వెంటనే తుడవండి. రంగులన్నీ వేయించి, వాసన పూర్తిగా పోయిన తరువాతే చేపలను తేవలె. విద్యుత్తు తీగ తొట్టినుంచి నేరుగా ప్లగ్గుకు పోకుండా, నడుమ కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క కింద పడిపోతుంది గాని ప్లగ్గులోకి పోదు.

సొంత ఇల్లు ఉండి, తొట్టి ఒకే చోట ఉంటుందనుకునే వారికి నేను రాయినే చెబుతాను. మన నేలే రాతి నేల. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలిసే చోట నిలబడి చూస్తే చుట్టూ సున్నపురాయే, సిమెంటు కర్మాగారాలు ఇక్కడికి రావడానికి అదే కారణం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శిల్పాలు పల్నాటి సున్నపురాతివే, పదిహేడు వందల ఏళ్ళ తరువాత కూడా ముక్కు కళ్ళు తెలుస్తున్నాయి. చెద తినదు, తుప్పు పట్టదు, నానదు.

అయితే రాతికి ఒక గుణం ఉన్నది, అది తెలియక వాడితే కర్ర కంటే చెడ్డగా మోసం చేస్తుంది. రాయి నొక్కుడుకు ఓర్చుకుంటుంది, వంపుకు ఓర్చుకోదు. మన నాగార్జునసాగర్ చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. నడుమ ఉన్న పెద్ద కట్టడమంతా రాతి కట్టుబడే. అంత నీటిని ఆ రాయి ఎలా ఆపుతున్నది? తన బరువుతో నేలను నొక్కుకుని నిలిచి ఆపుతున్నది, రాయి మీద రాయి కూర్చుని. అదే రాతిని పలకగా కోసి రెండు కొసలా ఆనించి నడుమ బరువు పెట్టండి, ఫటుక్కున విరుగుతుంది. కర్ర విరిగే ముందు వంగి మూలుగుతుంది, మనకు చెబుతుంది. రాయి చెప్పదు.

కాబట్టి నాపబండ పరచదలచితే కింద ఆనికలు దగ్గర దగ్గరగా ఉండాలి. మూడడుగుల తొట్టికి తొమ్మిదంగుళాల మందం ఉన్న ఇటుక దిమ్మెలు మూడు కట్టించండి, రెండు కొసలా రెండు, నడుమ ఒకటి. అప్పుడు దిమ్మెకూ దిమ్మెకూ నడుమ నాలుగున్నర అంగుళాల ఖాళీయే మిగులుతుంది, ఒకటిన్నర అంగుళాల బండ ఆ ఖాళీని లెక్కచేయదు. నడిమి దిమ్మెను మిగిలించుకుందామని చూడకండి. తాండూరు బండ గాని, షాబాదు బండ గాని, మాచర్ల బండ గాని, ఏదైనా సరే. కొనేముందు ఒక కొస పట్టి నిలబెట్టి సుత్తితో తట్టండి. ఖంగుమంటే మంచి బండ. బొద్దుమంటే లోపల పొర విడి ఉన్నదన్నమాట, వెనక్కి పంపండి. ఈ బండ మీద నిమ్మరసం, బండలు కడిగే ఆసిడ్ పోయవద్దు, సున్నపురాతిని అవి తినివేస్తాయి. పొలానికి కంచె వేయగా మిగిలిన గట్టి రాతి కడీలు ఉంటే అవి ఇంకా మేలు, ఇటుక దిమ్మెలకు బదులు వాటి ముక్కలనే నిలబెట్టుకోవచ్చు.

ఎత్తు రెండడుగులు చాలు. మరీ ఎత్తయితే బిందెతో నీళ్ళు పోసే ఆడవారికి భుజాలు పోతాయి, మరీ నేలకు ఉంటే గొట్టంతో మురికి నీరు దిగదు. గిలాబు చేసిన దిమ్మెలను కనీసం వారం రోజులు తడపండి. పైబండ మట్టాన్ని రసమట్టం పెట్టి పొడవునా, అడ్డంగా, మూలనుంచి మూలకు కూడా చూపించుకోండి. ఆపైన అరంగుళం థర్మోకోల్ పలక పరచి తొట్టిని పెట్టండి. రాతిలో ఉండే చిన్న మిట్టపల్లాలను ఆ పలక సర్దుతుంది. చుట్టూ ప్లాస్టిక్ చట్రం ఉన్న తొట్టి అయితే దానికి ఆ పలక అక్కరలేదు, అది చట్రం అంచుల మీదనే నిలుస్తుంది.

ఇంకొక సంగతి. గద్దె గట్టిదైతే చాలదు, దాని కింది నేల గట్టిదేనా? మన ఇళ్ళలో, ముఖ్యంగా వడ్లు నిలవచేసే గదిలో, పందికొక్కులు బండల కింద బొరియలు తీస్తాయి. నేలను గునపం పిడితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ బండ లేపి, బొరియ పూడ్చి, దిమ్మిస వేసి, అప్పుడు కట్టండి.

మా చెల్లెలు రెండోసారి ఇలాగే కట్టించుకున్నది. ఈసారి మేకు కొట్టింది నేను కాదు, ఆ పెద్ద వడ్రంగి వచ్చి నిలబడి మేస్త్రీ చేత మట్టం సరిచూపించాడు. తొట్టి ఇంకా తేలేదు, ఒక పరీక్ష చేద్దామన్నాను. గద్దె మీద ఐదు వడ్ల బస్తాలు, లెక్క కంటే ఎక్కువగా ఉండాలని మరొక రెండు, మొత్తం ఏడు బస్తాలు పేర్చి వారం రోజులు ఉంచాము. మొదటి రోజు బండ అంచు వెంట దారం లాగి కట్టాము. ఎనిమిదో రోజు దారానికీ బండకూ నడుమ పోస్టుకార్డు కూడా దూరలేదు. కర్ర బల్లకు, ఇనుప బల్లకు కూడా ఈ పరీక్ష చేయవచ్చు. ఖర్చు లేదు, బస్తాలు మన ఇంటివే. కర్ర బల్ల అయితే బస్తాలు దించిన తరువాత దారం మళ్ళీ చూడండి, వంగిన బద్దె తిరిగి లేవకపోతే దానిని మార్చివేయండి.

బస్తాలు దించాక తొట్టి పెట్టి సగమే నింపి ఒక రాత్రి ఉంచాము, మరునాడు తక్కినది నింపాము. చేపలను నాలుగు రోజుల తరువాత వదిలింది. పిల్లవాడి చాప మాత్రం ఆమె గదికి అవతలి గోడ దగ్గరకు మార్చింది. "రాయి మీద నమ్మకం లేకనా అమ్మా?" అంటే, "రాయి మీద ఉన్నది సారూ, అద్దం మీదనే లేదు" అన్నది.

ప్రతి ఏడు వానలు వెనకబట్టిన తరువాత ఒకసారి వంగి గద్దె అడుగు చూడండి. కాళ్ళ దగ్గర మట్టి గీతలు ఉన్నాయా, వెల్డింగు దగ్గర ఎర్ర పొడి రాలుతున్నదా, గిలాబు మీద బీట ఉన్నదా. బీట కనబడితే దాని మీద అడ్డంగా సున్నపు చుక్క ఒకటి పెట్టండి. నెల తరువాత ఆ చుక్క చీలి ఉంటే గద్దె ఇంకా కదులుతున్నదన్నమాట. అప్పుడు చేపలను తీసి బిందెలోకి మార్చి, తొట్టి నీళ్ళు తోడివేసి, మేస్త్రీని పిలవండి.